బరంపురం తెలుగిళ్లలో ప్రవచనం: అరగంట వినండి, పావుగంట రాయండి

నమస్కారమండీ. ప్రవచనాలు రోజూ వింటున్నా మనసులో ఏమీ నిలవడం లేదని బాధపడే మన బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువారి కోసం ఈ వీడియో.

మన వైపు వినడానికున్న విలువే వేరు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. భాగవత పద్యం చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కోలేరు, అదే చెవిన పడితే ఇట్టే పట్టేస్తారు. నవవిధ భక్తుల్లో ప్రహ్లాదుడు ముందు చెప్పింది శ్రవణమే, అంటే వినడమే. అన్నట్టు, ప్రవచనకర్త సామవేదం షణ్ముఖశర్మ గారు పుట్టింది మన గంజాం జిల్లా అస్కాలోనే.

కొత్తగా మొదలుపెట్టేవారు గీతలో 12వ అధ్యాయం తీసుకోండి. 20 శ్లోకాలే, రోజుకొకటి. వక్త మాత్రం ఒక్కరే ఉండాలి. చాలామందికి తికమక వచ్చేది ఇక్కడే. పొద్దున అద్వైతం (శంకరుల మార్గం) చెప్పేవారిని, రాత్రి విశిష్టాద్వైతం (రామానుజుల మార్గం) చెప్పేవారిని వింటే ఒకే శ్లోకానికి రెండు అర్థాలు ఎదురై ఏదీ కుదురుకోదు. ఇద్దరూ పెద్దవారే. అధ్యాయం పూర్తయ్యాక రెండోవారిది వినండి.

గంటన్నర ప్రసంగాన్ని అరగంట దగ్గర ఆపేయండి. ఫోన్‌లో ఆటోప్లే తీసేయండి, లేకపోతే విన్న మాట లోపలికి దిగకముందే ఇంకోటి వచ్చి మీద పడుతుంది. స్పీడు పెంచి అసలు వినొద్దు. శ్లోకం చెప్పి వక్త ఒక్క క్షణం ఆగుతారు చూడండి, మన ఆలోచనకు చోటు అదే. స్పీడు పెంచితే ముందు పోయేదీ అదే.

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి వినడంతో సరిపెట్టలేదు, మననం (విన్నది తలపోసుకోవడం), నిదిధ్యాసనం (దానిమీదే మనసు నిలపడం) కూడా చెప్పాడు. అందుకే ఆపిన వెంటనే పావుగంట నోట్‌బుక్ పట్టుకోండి. మూడు ముక్కలు చాలు: శ్లోకం మొదటి పాదం, మన మాటల్లో అర్థం, రేపు చేయబోయే ఒక్క పని. 15వ శ్లోకం, 'యస్మాన్నోద్విజతే లోకో' చూడండి. ఎవరివల్ల లోకం కలత పడదో, లోకంవల్ల ఎవరు కలత పడరో వారు తనకు ప్రియులంటాడు కృష్ణుడు. దీనికి 'ఓర్పుగా ఉంటాను' అని రాస్తే అది గాల్లో కలిసిపోతుంది. చీరల కొట్టు నడిపేవారైతే 'కొట్లో పది పట్టుచీరలు విప్పించి కొనకుండా వెళ్లినవారిని విసుక్కోకుండా సాగనంపుతాను' అని రాయండి. సాయంత్రం టిక్కు పెట్టగలమో లేదో మనకే తెలిసిపోతుంది.

పిల్లలు ఒడియా లిపిలో రాసుకుంటామంటే అడ్డుచెప్పకండి. చిక్కల్లా ఒకటే. ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకే అక్షరం, ఒ, ఓలకూ అంతే. 'మెడ', 'మేడ' ఒకేలా కనపడతాయి, వారం పోయాక వాళ్ల రాత వాళ్లకే అందదు. దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద చిన్న గీత గీయమనండి.

ఒడియా బాగా వచ్చినవారు ఊళ్లో భాగవత టుంగి (ఊరంతా చేరి భాగవతం చదివి వినే చోటు) ఉంటే తప్పకుండా వెళ్లి కూర్చోండి. అక్కడ చదివే జగన్నాథ దాసు ఒడియా భాగవతంలో పాదానికి తొమ్మిది అక్షరాలే కాబట్టి చెవికి బరువనిపించదు. అక్కడ ఏ ఘట్టం చదువుతారో ముందే అడిగి, దాన్ని ముందు రోజు తెలుగులో విని వెళ్లండి. గజేంద్ర మోక్షమైతే అష్టమ స్కంధంలో దొరుకుతుంది. కథ తెలిసి ఉంటే, తెలియని ఒడియా మాటలు దాని వెంటే నడిచొస్తాయి.