ముక్కు కాస్త లావుగా లేదూ?

నమస్కారం. ఒక ఉత్తరం టైప్ చేస్తాం. "పంపే ముందు నాకోసారి చూపించు" అంటారు పై అధికారి. చూపిస్తాం. ఒక కామా తీసేయమంటారు. తీసేసి మళ్లీ చూపిస్తాం. ఆ కామా ఉంటేనే బాగుందేమో అంటారు! బ్యాంకులో అయినా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయినా ఇదే గోల. గంటకోసారి "ఎంతవరకు వచ్చింది?" కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే.

నాకెంతో ఇష్టమైన కథ ఒకటుంది, వినండి.

1504. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరం. మైకెలాంజెలోకి ఇంకా ముప్పై నిండలేదు. అంతకుముందు ఇద్దరు శిల్పులు మొదలుపెట్టి వదిలేసిన పాలరాతి దిమ్మె తీసుకుని, డేవిడ్ విగ్రహం చెక్కాడు. దాదాపు 17 అడుగుల విగ్రహం. చూడ్డానికి నగర పాలకుడు పియెరో సోదెరీని వచ్చాడు. కింద నిలబడి పైకి చూశాడు. అంతా బాగుందయ్యా, ముక్కే కాస్త లావుగా ఉంది, అన్నాడు.

మైకెలాంజెలో వాదించలేదు. ఉలి పట్టుకుని పరంజా ఎక్కాడు. ఎక్కుతూ, పలకల మీద పడి ఉన్న పాలరాతి పొడి గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఉలి ఆడించాడు. ముక్కుని తాకనే లేదు. గుప్పిట్లోంచి పొడి కొంచెం కొంచెంగా జార్చాడు. ఇప్పుడు చూడండి, అన్నాడు. ఆహా, ఇప్పుడు ప్రాణం వచ్చింది, అని ఆ పెద్దమనిషి మురిసిపోయాడు.

మైకెలాంజెలో జీవితం రాసిన జార్జో వసారీ చెప్పిన ముచ్చట ఇది. కాస్త ఉప్పూకారం చల్లే ఉంటాడు, చల్లనివ్వండి.

ఈ కథ చెబితే అందరూ ఆ పొడి దగ్గరే నవ్వుతారు. నాకు నచ్చే చోటు వేరు. సోదెరీని సరిగ్గా విగ్రహం కిందే నిలబడ్డాడనీ, అక్కణ్ణించి సరిగా కనబడదనీ వసారీయే రాశాడు. అంత కింద నిలబడితే ఎవరికైనా ముక్కే కనిపిస్తుంది!

మన సార్‌కీ పని మొత్తం కనబడదు. పైవాళ్లు ఫోన్ చేసి అడిగితే చెప్పడానికి జవాబుండదు. టెన్షన్. అందుకే కంటికి కనిపించిన ముక్కునే పట్టుకుంటారు. అందరూ ఇంతేనని అనను. కొందరికి పెత్తనమంటేనే సరదా.

పాలరాతి పొడి ఇప్పుడు పనికిరాదు లెండి. మార్చకుండానే "మార్చాను సార్" అంటే సాయంత్రానికి దొరికిపోతాం. అందుకని ఒక్కటే చెబుతాను. ఆయన అడగకముందే చెప్పండి. పొద్దున్నే, ఆయన అడగకముందే. ఏది అయ్యింది, ఏది మిగిలింది, ఎక్కడ ఆగింది. "సార్, నిన్న లెడ్జర్ టాలీ అయ్యింది. ఈరోజు జీఎస్టీ బిల్లులు చూస్తాను. ఒక పార్టీ నుంచి ఇన్వాయిస్ రాలేదు, మధ్యాహ్నం ఫోన్ చేస్తాను." అంతే. ఆ ఆగిన సంగతి మాత్రం దాచకండి. అది ఇంకొకరి నోట విన్నారంటే, గంటకోసారి ఫోన్ మళ్లీ మొదలు.

కొన్ని వారాలు ఇలా సాగాక, నలుగురిలో వద్దు, ఆయన గదిలో అడగండి: "సార్, ఏవి మీకు చూపించి పంపాలి, ఏవి నేనే పంపేయొచ్చు?" ముందు చిన్నవే అడగండి, మామూలు ఉత్తరాల్లాంటివి. డబ్బు మంజూరు చేసేవి, పై ఆఫీసుకు వెళ్లేవి ఆయనకే వదిలేయండి. ఒప్పుకున్నది ఆ సాయంత్రమే రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి. మర్చిపోతారు. నిజంగానే మర్చిపోతారు.