నాలుగో గడి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ నా ముందు మాట్లాడినవారు వరసగా చెప్పేశారు. మళ్ళీ నేనూ మొదలుపెడితే మీ టీ చల్లారిపోతుంది. నాకు ఇచ్చిన అంశం ‘సముద్ర జీవవైవిధ్య డేటా పంచుకునేవారిని గుర్తించడం ఎలా’. పద్నాలుగు స్లైడ్లు చేసుకొచ్చాను. మూడోది దాటతానన్న నమ్మకం నాకే లేదు.

మొదటి స్లైడు మీకు తెలిసిందే. సెన్సస్ ఆఫ్ మెరైన్ లైఫ్ అనే పదేళ్ళ గణన 2000లో మొదలైనప్పుడు, దాని డేటా దాచుకోవడానికి పుట్టింది ఓబిస్ అనే ఉమ్మడి డేటా నిలయం. 2009లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం దాన్ని తన గొడుగు కిందికి తీసుకుంది. ఇప్పుడు అందులో పది కోట్లకు పైగా రికార్డులున్నాయి. రికార్డంటే ఏమిటి? ఒక వరస. ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. మొదటి మూడు గళ్ళు నింపకపోతే సిస్టమ్ ఒప్పుకోదు. నాలుగోది ఖాళీగా వదిలేసినా ఏమీ అనదు. జీవుల డేటాను అందరూ ఒకే తీరులో రాయడానికి పెట్టుకున్న డార్విన్ కోర్ ప్రమాణంలో ఆ గడి పేరు ‘రికార్డెడ్‌బై’. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ గడి గురించే.

నేను పద్దెనిమిదేళ్ళుగా డేటా శుభ్రం చేసే పనిలో ఉన్నాను. సముద్రం మీదికి వెళ్ళింది రెండేసార్లు, రెండుసార్లూ వాంతులే. నా సముద్రమంతా స్ప్రెడ్‌షీట్‌లోనే. చేప పర్వతం మీద కనిపించిందంటే దక్షిణ అక్షాంశానికి మైనస్ గుర్తు పెట్టడం మరచిపోయారని అర్థం. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గర, అంటే గినియా అఖాతంలో, ప్రపంచంలోని జీవులన్నీ పోగుపడ్డాయంటే ఎవరో ఖాళీ గళ్ళను సున్నాలతో నింపారని అర్థం. అప్పుడు నేను మెయిల్ రాస్తాను: ‘అయ్యా, మీ తిమింగలం ఎడారిలో ఉంది, కాస్త చూడండి.’ సగం మంది జవాబివ్వరు. సరే, అది వేరే కథ.

చెప్పదలచుకున్న కథ ఇది. పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక అట్టపెట్టె నా బల్ల మీదికి వచ్చింది. లోపల ఒక పడవ లాగ్‌బుక్. ఉప్పుకి కాగితాలు అతుక్కుపోయాయి. రాసిందంతా పెన్సిల్‌తోనే. నీళ్ళు పడితే సిరా కారిపోతుంది, పెన్సిల్ గీత ఉంటుంది. అందులో రెండు చేతిరాతలున్నాయి. పగటి ఎంట్రీలు ముత్యాల్లాంటి అక్షరాలు. రాత్రి ఎంట్రీలు వాలిపోయి ఉంటాయి, పడవ ఊగినప్పుడల్లా గీత పక్కకు జారేది కాబోలు. ఆ రాత్రి రాత వరసగా పదకొండు రోజులు ఒకే మాట చెబుతుంది: ‘వల వేశాం. ఏమీ లేదు.’ సమయం ఉంది, లోతు ఉంది, వల కన్ను ఎంతో ఉంది. కింద ఏమీ లేదు.

ఏమీ లేనప్పుడు ఎక్కించేదేముందని నేను ఆ పదకొండు పేజీలూ తిప్పేశాను. మా సీనియర్ ఒకావిడ చూసి, ‘ఏమీ లేదని రాశాడంటే వల వేశాడనేగా! వెతికితే దొరకకపోవడమూ, అసలు వెతక్కపోవడమూ ఒకటేనా?’ అని చీవాట్లు పెట్టారు. అందుకే ‘ఆబ్సెంట్’ అని రాసుకునే వీలు కూడా ఆ ప్రమాణంలో ఉంది. ఒక జీవి ఒక చోట తగ్గిందా, కొత్తగా వచ్చిందా అని తేల్చాలంటే ఇలాంటి ‘లేదు’లే ఆధారం. వెనక్కి వెళ్ళి అన్నీ ఎక్కించాను.

నాలుగో గడి దగ్గర ఆగాను. పగటి రాత ఎవరిదో మొదటి పేజీలోనే ఉంది, ఆ బృందానికి పెద్దాయన. రాత్రి మనిషిది లోపలి అట్ట మీద రెండక్షరాలే, పక్కన చిన్న జెల్లీఫిష్ బొమ్మ. ఆ పెట్టె పంపిన ఆఫీసు నంబరు పెట్టె మీదే ఉంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. గడువు దగ్గరపడింది, టెన్షన్. గడి ఖాళీగా వదిలేసి పంపించాను.

ఆ డేటా వాడి పేపర్లు వచ్చాయి. చివర్లో కృతజ్ఞతలు చెప్పారు. ఎవరికి? సంస్థకి, పెద్దాయనకి, ఆఖరికి నాకు కూడా. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరో చలిలో తడిసి రాసిన ‘లేదు’లకు ఫ్యాన్ కింద కూర్చున్న నాకు దండాలు! పదకొండు రాత్రులు మేలుకున్న మనిషి ఊరూపేరూ లేకుండా పోయాడు. పోగొట్టింది నేనే. ఇంకెవరి మీదా నెట్టను.

రెండో స్లైడు. ఈ గుర్తింపు ఎవరికివ్వాలనే నియమాల ముసాయిదా నాకు పంపారు. మొదటి కొలమానం రికార్డుల సంఖ్య. క్షమించాలి, ఇది నాకు మింగుడు పడలేదు. ఒక జంతువుకు జాడ తెలిపే ట్యాగ్ కడితే అది ఈదినంత కాలం వరసలు పుట్టుకొస్తూనే ఉంటాయి. యంత్రాల మీద నాకు కోపం లేదు, అవి కావాలి. కానీ ఇంకో పని చూడండి. లిట్టొరినా సాక్సటిలిస్ అని ఒక చిన్న సముద్రపు నత్త ఉంది. గుల్ల రంగు, ఆకారం చోటును బట్టి మారిపోతుంటాయి. చూసిన ప్రతివాడూ కొత్త జాతి అనుకుని పేరు పెట్టాడు. వర్మ్స్ అనే సముద్ర జీవుల పేర్ల పట్టికలో వాళ్ళు లెక్క తేలిస్తే ఆ ఒక్క నత్తకు 113 పేర్లు! పాత పుస్తకాలు తిరగేసి, గుల్లలు పక్కపక్కన పెట్టుకుని, ఇవన్నీ ఒకటేనని తేల్చినవాళ్ళున్నారు. ఆ పట్టికకు వందల మంది నిపుణులు చాలావరకు జీతం లేకుండానే పనిచేస్తున్నారు. సంఖ్యే కొలమానమైతే ఆ నత్త దగ్గర వాళ్ళకు పడే మార్కులెన్ని? మైనస్ 112.

నవ్వుతున్నారు, సంతోషం. కానీ ఆ నియమం ఇంకా ముసాయిదాలోనే ఉంది. కమిటీవారు వింటున్నారనుకుంటాను.

సముద్రం గురించిన డేటా మొదటినుంచీ అడిగి తెచ్చుకున్నదే. 1840ల్లో మోరీ అనే అమెరికా నౌకాదళ అధికారి, తమ లాగ్‌లు పంపిన కెప్టెన్లకు గాలుల, ప్రవాహాల పటాలు ఉచితంగా ఇచ్చేవాడు. ఇచ్చినవాడి చేతికి తిరిగి ఏదో ఒకటి వచ్చేది. నీళ్ళలో తేలుతూ కొట్టుకుపోయే చిన్న చిన్న జీవుల్ని ప్లాంక్టన్ అంటారు. వాటిని పట్టడానికి బ్రిటన్ శాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ తయారుచేసిన ప్లాంక్టన్ రికార్డర్‌ను 1931 నుంచీ సరుకు ఓడల వెనక కట్టి లాగుతున్నారు. లోపల పట్టుగుడ్డ చుట్ట మెల్లగా తిరుగుతూ ప్లాంక్టన్‌ను పట్టుకుంటుంది. ఇన్ని దశాబ్దాలుగా దాన్ని నీళ్ళలోకి దించి పైకి లాగుతున్నది ఎక్కువగా ఆ ఓడల సిబ్బందే. వాళ్ళు పేపర్లు రాయరు. పరిశోధకులను పేరుపేరునా గుర్తుపట్టడానికి 2012లో వచ్చిన ఓర్కిడ్ నంబర్లు మనబోటివాళ్ళం తీసుకున్నాం. డెక్ మీద తాడు పట్టుకున్నవాడికి నంబరెక్కడిది?

మూడో స్లైడు వదిలేస్తున్నాను. అందులో డీఓఐ గురించి, అంటే డేటాసెట్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య గురించి, డేటాను ఎలా ఉదహరించాలో ఉంది. కరపత్రంలో చదువుకోండి, అదీ ముఖ్యమే. దానికి బదులు ఒక పని చేద్దాం. మీ ఫోన్లు తీయండి. నిజంగానే, తీయండి. మీ సంస్థ పంపిన చివరి డేటాసెట్ తెరిచి ‘రికార్డెడ్‌బై’ గడి చూడండి. ఖాళీగా ఉందా? సంస్థ పేరుందా? ‘సిబ్బంది’ అని ఉందా? వెనక వరసలో ఎవరో తల పట్టుకున్నారు. పర్లేదండీ, నాదీ అంతే.

పోయిన నెల ఆ పాత ఫైలు మళ్ళీ తెరిచాను. పెట్టె మీది నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. ఆ పడవ సంగతి ఎరిగినవారిని ఒకరిని పట్టుకుంటే, ఆ రెండక్షరాలూ ఇద్దరికి సరిపోతాయన్నారు, ఒకరు లేరు, ఇంకొకరు ఎక్కడున్నారో తెలియదు. ఊహించి పేరు రాయడం తప్పు. ఆ పదకొండు వరసల్లోనూ రెండక్షరాలే ఎక్కించి తిరిగి పంపాను. జెల్లీఫిష్ బొమ్మకు గడి లేదు.

ఇక ఈ ఏటి సత్కారాల జాబితా నన్నే చదవమన్నారు. ముందుగానే చూసుకున్నాను. ఆరు పేర్లు బాగానే ఉన్నాయి. ఏడో వరసలో ఒకాయన పేరు, ఆ పక్కన ‘మరియు బృందం’ అని ఉంది. ఆ బృందంలోవాళ్ళు ఎవరైనా ఈ హాల్లో ఉంటే దయచేసి లేచి నిలబడి పేరు చెప్పండి, ఇంటిపేరుతో సహా. తొందరేం లేదు, ఒక్కొక్కరే చెప్పండి, రాసుకుంటాను.