మొదటి ఇంటి సొమ్ము: అల్మారా తలుపు వెనక 105 గడులు

[దృశ్యం: సాయంత్రం వేళ నల్లగొండ గడియారం సెంటర్. ఆ తర్వాత ఒక కిరాయి ఇంటి గది. బల్లమీద గోడకు ఆనించి పెట్టిన ఫొటో ఫ్రేము.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఫొటో మా నాన్నగారిది. నాలుగేళ్ళుగా ఇది గోడకెక్కకుండా బల్లమీదే ఉంది, ఎందుకంటే గోడలకు మేకులు కొట్టవద్దని ఇంటి ఓనరు మేము దిగిన రోజే చెప్పారు. "కిరాయి ఇంట్ల మేకు కొట్టాలన్నా ఇంకొకర్ని అడగాలె బిడ్డా" అని మా అమ్మ అన్నప్పుడల్లా సొంత ఇల్లు కొని తీరాలన్న పట్టుదల నాకు గట్టిగా కలిగేది, ఓ వారం నిలిచేది, ఆ తర్వాత ఏదో ఒక దావత్‌లోనో, కొత్త ఫోను బేరంలోనో కరిగిపోయేది. ఇల్లు కావాలన్న కోరిక మనలో ఎవరికీ తక్కువ కాదు. ఆ కోరికకు ఒక అంకె లేకపోవడం వల్లనే అది వారానికి మించి నిలవడం లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి ఈ వీడియోలో ముందుగా ఆ అంకెను కనుక్కుందాం, ఆ తర్వాత నెలనెలా దానిని వదలకుండా పట్టుకునే ఉపాయాలు చూద్దాం.

[దృశ్యం: తెల్ల కాగితం మీద పెన్నుతో లెక్క.]

వ్యాఖ్యాత: ఇల్లు కొనేటప్పుడు మన చేతినుంచి పెట్టుకోవలసిన సొమ్మును డౌన్‌పేమెంట్ అంటున్నాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, గృహరుణం 30 లక్షల రూపాయల లోపు అయితే బ్యాంకు ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, ఆపైన అయితే 75 శాతం మాత్రమే ఇవ్వవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులే గాని, అంతా ఇచ్చి తీరాలన్న నియమం లేదు. లెక్క తేలికగా ఉండడానికి 30 లక్షల ఇంటిని తీసుకుందాం. బ్యాంకు 27 లక్షలు ఇస్తే మనం పెట్టవలసింది 3 లక్షలు అని చాలామంది అక్కడితో లెక్క ఆపేస్తారు. నేనూ అక్కడే ఆపాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం, మొత్తం కలిపి 7.5 శాతం అయింది. 30 లక్షల మీద ఇది 2,25,000 రూపాయలు. పది లక్షల లోపు ఇళ్ళను మినహాయిస్తే, రుణం కోసం ఇంటి విలువ కట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోదు, అంటే ఇది పూర్తిగా మన జేబునుంచే పోవాలి. కాబట్టి మనకు కావలసింది 3 లక్షలు కాదు, 5,25,000. బిల్డరు దగ్గర ఇంకా కడుతూ ఉన్న ఫ్లాటు తీసుకుంటే దానిపై జీఎస్టీ కూడా ఉంటుంది.

జిల్లా పట్టణాలలో ఇంకొక చిక్కు ఉంది. అమ్మేవారు ధరలో కొంత కాగితం మీద చూపించి, మిగిలింది నగదుగా ఇమ్మంటారు. బ్యాంకు మాత్రం కాగితం మీది ధర, తన ఇంజనీరు కట్టిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిమీదనే రుణం ఇస్తుంది. అలా నగదుగా ఇవ్వడం చట్టవిరుద్ధమన్న మాట అటుంచి, అది నేరుగా మన డౌన్‌పేమెంటును పెంచుతుంది. బయానా ఇవ్వకముందే, మొత్తం ధర కాగితం మీదికి వస్తుందా రాదా అన్న సంగతి నిక్కచ్చిగా అడిగి తెలుసుకోవాలి.

[దృశ్యం: అల్మారా తలుపు తెరుచుకుంటుంది. లోపలి వైపు అతికించిన గళ్ళ కాగితం. కొన్ని గడులకు ఆకుపచ్చ రంగు.]

వ్యాఖ్యాత: ఇక ఈ కాగితం. పిల్లల లెక్కల నోటుబుక్కులోంచి చింపినది. ఒక్కొక్క గడి 5,000 రూపాయలు. మొత్తం 105 గడులు, అంటే 5,25,000. ఒక గడికి సరిపడా సొమ్ము జమ అయిన రోజున మా అమ్మాయి దానికి స్కెచ్ పెన్నుతో రంగు వేస్తుంది, అంతకుముందు వేయనివ్వం. ఆరంభంలో ఇది పిల్లల ఆట అనుకున్నాను. అయితే ఐదు లక్షలు అన్న మాట మనసును బెదిరిస్తుంది, ఐదు వేలు అన్న మాట బెదిరించదు. రంగులేని గడిని రోజూ బట్టలు తీసుకునేటప్పుడు చూడవలసి రావడంలో ఉన్న పోరు ఏ ప్రసంగంలోనూ లేదు. అల్మారా తలుపు లోపలి వైపునే అతికించాలని నా సలహా. బయట అతికిస్తే వచ్చిన చుట్టాలందరికీ లెక్క చెప్పుకోవలసి వస్తుంది, పైగా ఆ లెక్క తెలిసిన చుట్టం చేబదులు అడగకుండా ఉండడు.

నెలకు ఎన్ని గడులు అన్న ప్రశ్నకు జవాబు మన ఇష్టానికి వదిలిపెట్టకూడదు. దానిని రేపటి ఈఎంఐ నుంచే తీసుకోవాలి. 27 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళ గడువు పెట్టుకుంటే నెలకు కట్టవలసింది సుమారు 23,400 రూపాయలు. ఇప్పుడు కట్టే కిరాయి 8,000 అనుకుంటే తేడా 15,400. ఇల్లు కొన్న మరుసటి నెలనుంచి ఈ తేడాను ఎలాగూ భరించాలి గనుక, దానిని ఇప్పటినుంచే భరించి చూడడం మంచిది. నెలకు మూడు గడులు, అంటే 15,000 చొప్పున పక్కన పెడితే 35 నెలల్లో కాగితం నిండుతుంది, వడ్డీ కలిస్తే ఇంకాస్త ముందే నిండుతుంది. ఒకవేళ ఆరు నెలలు ప్రయత్నించినా మూడు గడులు నింపడం మీవల్ల కాకపోతే, మీ ఆదాయానికి 30 లక్షల ఇల్లు బరువని కాగితమే ముందుగా చెప్పినట్లు. ఆ మాట రుణం తీసుకున్నాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

[దృశ్యం: బ్యాంకు పాసుపుస్తకం, పోస్టాఫీసు ఆర్డీ పుస్తకం.]

వ్యాఖ్యాత: నెలాఖరున మిగిలింది దాచుకుందామనుకుంటే ఏమీ మిగలదని అందరికీ తెలుసు. జీతం పడిన మరునాడే సొమ్ము దానంతట అదే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ, అంటే నెలనెలా కొంత జమ చేసే ఖాతా) లోకి వెళ్ళేలా బ్యాంకులో ఒకసారి కాగితం మీద సంతకం చేసి రావాలి. అలా చేస్తే పట్టుదల నెలనెలా అక్కరలేదు, ఆ ఒక్కరోజు ఉంటే చాలు. పోస్టాఫీసు ఆర్డీ నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు, గడువు ఐదేళ్ళు, మూడేళ్ళు దాటాక ముందుగానే ముగించుకునే వీలుంది. మూడు నాలుగేళ్ళలో వాడుకోవలసిన సొమ్మును షేర్లలో పెట్టవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే మంచి ఇల్లు దొరికిన నెలలోనే మార్కెట్టు పడితే ఆ ఇల్లు మనకోసం ఆగదు. నగ రూపంలో దాచినా తరుగు, మజూరీ కింద కొంత పోతుంది.

చిట్టీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర చిట్టీ కట్టని ఇల్లు అరుదు, దానికి న్యాయమైన కారణం ఉంది. నెలకు ఒకరోజు ఇరవై మంది ముందు సొమ్ము పెట్టాలి, పెట్టకపోతే పరువు పోతుంది. ఆ బలవంతమే చిట్టీలోని అసలు లాభం. మహిళా పొదుపు సంఘాల బలం కూడా అక్కడే ఉంది: నిర్ణయించిన తేదీన సమావేశం, పుస్తకంలో పద్దు, పక్కన సంతకం. అయితే చిట్టీ పాట తొందరపడి పాడితే పోగొట్టుకునేది మన సొమ్మే, చేతికి వచ్చిన మొత్తం మరో దారి పట్టడానికి కూడా ఎక్కువ సమయం పట్టదు. మా మొదటి చిట్టీ అలాగే మోటారు సైకిలు అయింది. రెండవది మా గల్లీలో ఒకాయన నమ్మకం మీద నడిపిన చిట్టీ. పద్నాలుగు నెలలు కట్టాక ఆయన ఇంటికి తాళం పడింది, మాకు సగం కూడా తిరిగి రాలేదు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టే ముందు అనుమతి తీసుకుని రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ఆ నమోదు కాగితం చూపించమని అడగడానికి నేను మొహమాటపడ్డాను, మీరు పడకండి.

[దృశ్యం: బత్తాయి తోట. కాయలతో వంగిన కొమ్మలు.]

వ్యాఖ్యాత: నెలజీతం లేనివారికి ఈ లెక్క ఎలా సరిపోతుందని మా మేనమామ అడిగారు. ఆయనది బత్తాయి తోట. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, ఆపైన పూత రావడానికి చెట్టును కొంతకాలం నీళ్ళివ్వకుండా బెట్టకు వదలాలి. ఓపిక గురించి ఆయనకు నేను చెప్పగలిగిందేమీ లేదు. కాని ఆయనకు సొమ్ము నెలనెలా రాదు, కాయ తెగినప్పుడు ఒక్కసారే వస్తుంది. అటువంటివారు కాగితం మీద నెలలు రాసుకోకూడదు, పంటలు రాసుకోవాలి. కాయ డబ్బు గాని, వరి డబ్బు గాని ఖాతాలో పడిన రోజునే పది పన్నెండు గడుల సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ఆ తర్వాతే ఎరువుల షాపు బాకీ లెక్క చూడాలని ఆయనతో అన్నాను. "ముందుగాల షాపోని బాకీ కట్టకుంటే వచ్చే పంటకు మందు బస్త ఎవడిస్తడు అల్లుడా" అన్నారు. ఆయన మాటే సబబు. బాకీ, పెట్టుబడి తీసివేయగా మిగిలిన దానిలోంచి, ఇంటి ఖర్చు కంటే ముందుగా, గడులు నింపాలని సవరించుకున్నాం.

పాలమూరు నుంచి మేస్త్రీ పనికి దూర ప్రాంతాలకు వెళ్ళేవారి సంగతి ఇంకా కష్టం. దేశమంతటా ఆనకట్టలు, మేడలు కట్టిన చేతులవి. అయితే గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని బయలుదేరేవారి ఏడాది అప్పుతోనే మొదలవుతుంది. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, అంత వడ్డీ ఇచ్చే డిపాజిట్ ఏ బ్యాంకులోనూ లేదు. అందువల్ల వారి కాగితంలో మొదటి వరుస గడులు అప్పు తీర్చడానికే కేటాయించాలి. తీరిన అప్పుకు కూడా రంగు వేయాలి, ఎందుకంటే అదీ పొదుపే. సొంత జాగా ఉన్న పేదవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద కట్టడం సాగే కొద్దీ విడతలవారీగా 5 లక్షల రూపాయలు ఇస్తుంది, అర్హత ఉన్నవారు ముందు ఆ దారి చూసుకోవాలి.

[దృశ్యం: జాతీయ రహదారి పక్కన వెంచర్ల బోర్డులు.]

వ్యాఖ్యాత: కాగితం సగం నిండాక ఇంకొక పరీక్ష ఎదురవుతుంది. చేతిలో రెండు మూడు లక్షలు ఉన్నాయని ఎలా తెలుస్తుందో గాని, ప్లాట్లు అమ్మేవారు ఫోను చేయడం మొదలుపెడతారు. ఆదివారం కారు పంపుతారు, బిర్యానీ పెడతారు, సాయంత్రంలోగా బయానా ఇవ్వమంటారు. బిర్యానీ బాగానే ఉంటుంది. కాని 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటుకు గాని, ఎనిమిది ఫ్లాట్లకు మించిన కట్టడానికి గాని రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, దగ్గర నమోదు లేకుండా ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకముందు ధరలో పది శాతానికి మించి తీసుకోవడమూ కుదరదు. నమోదు సంఖ్య అడిగి, ఇంటికి వచ్చి సరిచూసుకునే వరకు పర్సు తీయవద్దు.

పండుగల మాట. మొదటి ఏడాది మేము దసరాకు యాట కూరా మానుకున్నాం, కొత్త బట్టలూ మానుకున్నాం. ఇంట్లో రెండు నెలలు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. దసరాను చంపుకుని చేసే పొదుపు ఎక్కువకాలం సాగదని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు పండుగ ఖర్చుకు వంటింట్లో వేరే గల్లగురిగి ఉంది, ఇంటి కాగితానికీ దానికీ సంబంధం లేదు.

[దృశ్యం: మళ్ళీ అల్మారా తలుపు. కెమెరా గళ్ళ కాగితానికి దగ్గరగా వెళుతుంది. రెండు నిలువు వరుసలు ఖాళీ.]

వ్యాఖ్యాత: ఇది మొదలుపెట్టి 27 నెలలు అయింది. లెక్క ప్రకారం 81 గడులు నిండాలి, నిండినవి 71. అమ్మకు కంటి ఆపరేషన్ అయిన రెండు నెలలూ ఒక్క గడి కూడా నిండలేదు, బడి ఫీజుల వల్ల రెండు జూన్లలోనూ ఒక్కొక్క గడే నిండింది. ఆ ఖాళీలను దాచవద్దని, వాటి పక్కన కారణం రాయమని నా భార్య చెప్పింది. ఇక్కడ ఈ మూలన "అమ్మ కన్ను" అని రాసి ఉన్నది చూడండి. డెబ్బై రెండవ గడి సొమ్ము వచ్చే నెల రెండో తేదీన ఖాతా మారుతుంది, స్కెచ్ పెన్ను అమ్మాయి దగ్గర ఉంది.