పాత్రలోకి దిగాలంటే పాత్రకు పని ఉండాలి

[తెరపై: తిరుపతి, తాతయ్యగుంట గంగమ్మ గుడి వీధి. జాతర. వేషాలు కట్టిన భక్తులు.]

తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం ఇవన్నీ అమ్మ వేసిన వేషాలే. ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాడు అమ్మకు భయపడి ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ణి వెతికేదానికి అమ్మ వేషం మారుస్తూ పోయింది. దొర వేషంలో వాణ్ణి చంపింది. మరునాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్నే ఓదార్చింది.

కథలు రాసేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఏ వేషమూ ఊరికే కట్టింది కాదు, ప్రతి దానికీ ఒక పని ఉంది. వెతకాలి, చంపాలి, ఓదార్చాలి. రాసేటప్పుడు పాత్రలోకి దిగే దారి కూడా ఇదే. చాలామంది "ఈ మనిషి ఎంత బాధలో ఉన్నాడో" అనుకుని మొదలుపెడతారు. అప్పుడు పేజీ నిండా బాధ అనే మాట ఉంటుంది, మనిషి ఉండడు.

నాటకం వాళ్లు ఈ తిప్పలు ముందే పడ్డారు. మాస్కో ఆర్ట్ థియేటర్ 1898లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకడైన స్తానిస్లావ్‌స్కీ నటులను తమ పాత జ్ఞాపకాల్లోంచి దుఃఖాన్నీ కోపాన్నీ తోడుకోమన్నాడు. 1930ల నాటికి ఆయన మొగ్గు మారింది. ముందు ఒంటితో చేసే పనిని సరిగ్గా చెయ్యి, భావం దాని వెనకే వస్తుందనే పద్ధతికి వచ్చాడు. రాసేవాళ్లకు ఈ రెండో పద్ధతే ఎక్కువ అక్కరకొస్తుంది. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

[తెరపై: రాత్రి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు బయట ట్రాక్టర్ల వరస.]

ఒక పాత్రను తీసుకుందాం. పేరు మునిరత్నం. జూన్ నెల. తోతాపురి కాయల లోడుతో ఫ్యాక్టరీ బయట నిలబడి ఉన్నాడు. రాసే ముందు తెల్ల కాగితం మీద ఐదు వరసలు రాసుకోండి. ఇప్పుడే ఎక్కడినుంచి వచ్చాడు? ఈ గంటలో ఏం కావాలి? చేతిలో ఏముంది? ఏం దాస్తున్నాడు? అతనికి ఏం తెలియదు?

మునిరత్నానికి ఇలా వస్తుంది. నిన్న మధ్యాహ్నం తోటనుంచి వచ్చాడు. తెల్లారేలోపు లోడు దిగాలి, లేకపోతే అడుగున కాయ మెత్తబడుతుంది. చేతిలో టోకెన్ ఉంది, చెమటకు నలిగింది. ట్రాక్టరు బాడుగ డబ్బులు ఇంకా ఇవ్వలేదని డ్రైవరు ముందు బయటపడనివ్వడు. రేపు రేటు ఎంత పలుకుతుందో తెలియదు.

ఐదో వరస మీద ఎక్కువసేపు కూర్చోండి. కథ ముగింపు మీకు తెలుసు, అతనికి తెలియదు. మీకు తెలిసింది అతని నోట్లోంచి కారిపోతే పాఠకుడు ఒక్క వాక్యంలో పసిగడతాడు.

ఇక పది నిమిషాలు ఫోన్లో టైమర్ పెట్టుకుని "నేను" అంటూ అతని గొంతుతో ఆపకుండా రాయండి. మొదటి వాక్యం చేతిలో ఉన్న వస్తువుతో మొదలవ్వాలి. ఇది పారేసే కాగితమే, అచ్చుకు పోయేది కాదు. మొదటి రెండు మూడు నిమిషాలు మీ గొంతే వినబడుతుంది. చాలామంది అక్కడే విసుగొచ్చి ఆపేస్తారు. ఆపకండి.

[తెరపై: నాలుగు మాటలు ఒకదాని తర్వాత ఒకటి. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం.]

భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది. ఆంగికం ఒంటి కదలిక, వాచికం మాట, ఆహార్యం వేషం, సాత్త్వికం లోపలి భావం ఒంటిమీద తేలడం. రాసే బల్ల దగ్గర కూడా ఇవి పనిచేస్తాయి.

ఆంగికం కోసం కుర్చీలోంచి లేవండి. రాత్రంతా నిలబడ్డ మనిషి బరువు ఏ కాలి మీద వేస్తాడు? టైరుకు ఆనుకుని గొంతుక్కూర్చుంటే లేచేటప్పుడు చెయ్యి దేనిమీద ఆనుతుంది? ఒక్కసారి కూర్చుని లేస్తే తెలిసిపోతుంది. ఊహించి రాస్తే మాత్రం "భారంగా లేచాడు" అనే రాస్తాం. ఆహార్యం అంటే వేసుకున్న చొక్కాతో పాటు జేబులో ఉన్నవి కూడా.

సాత్త్వికం మనకు పెద్ద ఆస్తి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. ఎనిమిదింటిలో కన్నీళ్లు ఒకటి మాత్రమే. మన కథల్లో వాటినే అరగదీస్తాం. మిగతా ఏడింటిలో ఒకటి ఎంచుకోండి. వాచ్‌మన్ "పొద్దన్నే రా" అన్నప్పుడు మునిరత్నం గొంతు మారితే చాలు.

వాచికం దగ్గర చిత్తూరు కథలు ఎక్కువగా బోల్తా కొడతాయి. ఈ మాట వినండి.

[గొంతు, అలంకారంగా] "రైతు కష్టం మీకు అర్థం కావడం లేదా? ఈ వ్యవస్థ మమ్మల్ని మింగేస్తోంది!"

ఇది రచయిత గొంతు. మునిరత్నానికి టోకెన్ ముందుకు జరగాలి; వాచ్‌మన్‌కు ఉపన్యాసం ఇస్తే జరగదని అతనికి బాగా తెలుసు.

[గొంతు, మెల్లగా] "అన్నా, నిన్న మద్యానం వొచ్చినా. కాయ మెత్తబడతా ఉండాది. ఒక మాట లోపల చెప్పేదానికి అయితాదా?"

"ఉండాది", "చెప్పేదానికి", "వొచ్చినా". ఇలాంటి రూపాలు పది పన్నెండు ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించుకోండి. ఒక పేజీలో "ఉండాది", తర్వాతి పేజీలో "ఉంది" వస్తే అది ఇద్దరు మనుషుల నోరవుతుంది. మాటను గట్టిగా పలికి ఫోన్లో రికార్డు చేసి వినండి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. ఇంకో సంగతి, మన చిత్తూరు యాసను సినిమావాళ్లు నవ్వులాటకో కత్తులాటకో తప్ప పెద్దగా వాడలేదు. ఆ సినిమా యాస మీ కలంలోకి రానివ్వకండి.

కథనం శిష్ట భాషలో సాగినా చూపు పాత్రదే కావాలి. మునిరత్నం వెంట నడిచే వాక్యంలో వెన్నెల పాలనురుగులా ఉండదు. కాయ రంగు చూసుకునేంత వెలుతురు ఉందా లేదా, అంతే.

ఇప్పుడు జ్ఞాపకాల పద్ధతి ఎందుకు వద్దన్నామో చూద్దాం. మునిరత్నం దిగులు రాయడానికి మీ ఇంట్లో జరిగిన చావును తలుచుకున్నారనుకోండి. దుఃఖం నిజమే, కానీ దాని నడక వేరు. చావు దుఃఖం మెల్లగా సాగుతుంది, వెనక్కి చూస్తుంది. లోడు మాగిపోతున్న మనిషికి వెనక్కి చూసే తీరిక లేదు. సీను జారిపోతుంది, ఎందుకు జారిందో రాసినవాళ్లకే అంతుపట్టదు.

[తెరపై: గేటు లోపలి వైపునుంచి అదే వరస.]

కష్టమైన భాగం వాచ్‌మన్. అతన్ని చెడ్డవాడని ముందే తీర్మానిస్తే గేటుకు తాళంలా నిలబడతాడు తప్ప మాట్లాడడు. అతనికీ ఐదు వరసలు రాయండి. నంబరు తప్పి ఒక్క ట్రాక్టరును వదిలితే వెనకున్నవాళ్లంతా మీదికొస్తారు, ఉద్యోగం పోతుంది. పొద్దున్నుంచి ఇదే మాట ఎందరో అడిగారు. ఇప్పుడు అదే సీనును అతని వైపునుంచి ఒక పేజీ రాసి, మళ్లీ మునిరత్నం వైపుకు రండి. వాచ్‌మన్ జవాబులు పొట్టివైపోతాయి. అతను ఎదుటి మనిషి కళ్లలోకి చూడడు, టోకెన్ నంబరు చూస్తాడు.

ఇలాంటి మనుషులతో మాట్లాడే వీలుంటే "మీ బాధేంటి" అని అడగకండి. నలుగురికీ చెప్పే జవాబే మీకూ వస్తుంది. "లోడు వెనక్కి తిప్పితే ముందు ఏం చేస్తారు" అని అడగండి. పనిలో ఉన్నప్పుడు అసలే కదిలించకండి.

సీనును ఒకే విడతలో, ఐదారు వందల మాటల్లోపు, దిద్దకుండా రాసి లేవండి. దిద్దేది మరునాడు, వేరే చోట కూర్చుని. మాట్లాడేవాళ్ల పేర్లు కొట్టేసి సంభాషణ చదవండి. ఎవరి మాట ఎవరిదో తెలియకపోతే వాచికం తప్పింది. పాత్రకు తెలిసే వీల్లేని ప్రతి మాట కింద గీత గీయండి. బాధ, ఆవేదన, నిరాశ లాంటి మాటల చుట్టూ సున్నా చుట్టండి. పేజీకి రెండు సున్నాలు దాటితే వాక్యాలు సవరించే పని పెట్టుకోవద్దు. ఐదు వరసల కాగితం తీసి రెండో వరస చూడండి. చాలాసార్లు అక్కడ "న్యాయం కావాలి" లాంటిదేదో రాసి ఉంటుంది. దాన్ని కొట్టేసి, తెల్లారేలోపు దొరికేదో దొరకనిదో తేలిపోయే వస్తువు పేరు రాయండి.