వలస పిల్లలకు ఏ భాషలో పాఠం?

శ్రోతలకు నమస్కారం.

బడిలో పాఠం ఏ భాషలో చెప్పాలన్నది మామూలుగా టీచర్లూ విద్యాశాఖ వాళ్లూ కూర్చుని తేల్చుకునే సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియాలో దాన్ని ఏకంగా జనం ఓటుకు పెట్టారు. అదీ రెండుసార్లు. 1998లో వచ్చిన ప్రతిపాదన 227 ప్రకారం ఇంగ్లిష్ రాని పిల్లలకు మామూలుగా ఏడాదికి మించకుండా ఇంగ్లిష్‌లోనే ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చి, ఆ తర్వాత అందరితో పాటు క్లాసులో కూర్చోబెట్టాలి. దాదాపు 61 శాతం మంది సరే అన్నారు. పద్దెనిమిదేళ్లు తిరిగాక, 2016లో, ప్రతిపాదన 58 వచ్చింది. ఈసారి 73 శాతానికి పైగా ఓటర్లు పాత కట్టుబాటు తీసేసి, రెండు భాషల్లో చదువుకు మళ్లీ దారి ఇచ్చారు.

కాలిఫోర్నియా గొడవ కర్నూలులో కూర్చున్న మనకెందుకు అంటారేమో. కాస్త ఓపిక పట్టండి, మన ఆదోని దాకా వస్తాను.

ఈ వాదం వెనక ఒక కోర్టు కేసు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ మాట్లాడే పిల్లలు వందల సంఖ్యలో ఇంగ్లిష్ అర్థం కాకుండానే క్లాసుల్లో కూర్చునేవారు. వాళ్లకు విడిగా సాయం చేసేవాళ్లు లేరు. ‘అందరికీ అదే పుస్తకం, అదే టీచర్, అదే గది ఇచ్చాం కదా, ఇంకేం కావాలి’ అన్నది బడి వాళ్ల వాదన. 1974లో అమెరికా సుప్రీం కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. భాషే తెలియని పిల్లవాడికి అందరితో సమానంగా పుస్తకం ఇచ్చినంత మాత్రాన చదువు ఇచ్చినట్టు కాదంది. లౌ వర్సెస్ నికోల్స్ అంటారు ఆ కేసును. అయితే కోర్టు ఒక పని చేయలేదు. ఇంటి భాషలో చెప్పాలా, ఇంగ్లిషే గట్టిగా నేర్పాలా అన్నది తేల్చకుండా, ఏదో ఒక దారి చూపించండి అని వదిలేసింది. తగాదా అంతా అక్కడినుంచే మొదలైంది.

రెండు భాషల చదువు వద్దన్నవాళ్లందరికీ వలస వచ్చినవాళ్లంటే గిట్టదని అనుకోకూడదు. 1996లో లాస్ ఏంజిలిస్‌లో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రులు, ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే కుట్టుపని కూలీలు, తమ పిల్లలను బడి మాన్పించి నిరసన చేశారు. వాళ్లు అడిగింది స్పానిష్ కాదు, ఇంగ్లిష్. ఏళ్ల తరబడి స్పానిష్ క్లాసులోనే ఉంచేస్తే మా పిల్లలు ఇంగ్లిష్ ఎప్పుడు నేర్చుకుంటారు అన్నది వాళ్ల బాధ. ఆ మాట మన దగ్గరా రోజూ వింటాం. ‘తెలుగు ఇంట్లో మేం చెప్పుకుంటాం సార్, మీరు ఇంగ్లీషు చెప్పండి’ అనే అమ్మలు ఎంతమంది లేరు! పత్తి ఏరి, మిరపకాయలు కోసి బతికే మనిషికి తన బిడ్డకైనా ఇంగ్లిష్ రావాలనుకోవడం దురాశ కాదు. మాతృభాష గురించి ఉపన్యాసం ఇచ్చే పెద్దమనుషుల మనవళ్లు ఏ మీడియంలో చదువుతున్నారో ఆమెకూ తెలుసు.

ప్రతిపాదన 227 వచ్చాక పిల్లల చదువు ఏమైందో ఐదేళ్ల పాటు పరిశీలించి 2006లో ఒక నివేదిక ఇచ్చారు. ఫలానా పద్ధతే మేలని తేల్చి చెప్పే ఆధారం వాళ్లకు దొరకలేదు. పద్ధతి పేరు కంటే బడి నడిచే తీరు ముఖ్యమని తేలింది. ఇరుపక్షాల వాళ్లకూ రుచించని జవాబు ఇది. నాకు మాత్రం నమ్మబుద్ధి అయ్యే జవాబు.

ఇప్పుడు ఆదోనికి వద్దాం. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు వానలు మొహం చాటేస్తే ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి, అంటే కోతల కాలం కూలి పనులకు, గుంటూరు వైపు వెళ్తారు, కొందరు కట్టడం పనులకు బెంగళూరు పోతారు. పిల్లలను వెంట తీసుకెళ్లకుండా ఊళ్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి ఉన్నచోట పిల్లవాడి ఏడాది పోదు, లేనిచోట పోతుంది. గుంటూరు వైపు వెళ్లినవాళ్లకు కనీసం భాష తెలుగే. బెంగళూరు వెళ్లిన అనంతపురం పిల్లవాడికి బడి బోర్డు కన్నడంలో కనిపిస్తుంది. అదే ఆదోని వైపు కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలైతే అక్కడ మాటకు తడుముకోరు, సొంత ఊరి తెలుగు బడిలోనే మొదట్లో తడబడతారు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, సంతలో ఉర్దూ పట్టుకున్న ఏడేళ్ల పిల్లను ‘ఈమెకు చదువు రాదు’ అనేసే టీచర్లను చూశాను. నాకు ఒళ్లు మండేది.

2020 తర్వాత మన ప్రభుత్వ బడుల్లో రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఇది మంచి పనేనని నా అభిప్రాయం. ఇంగ్లిష్ అడిగిన అమ్మకూ తెలుగు కావాలన్న పండితుడికీ మధ్య రాజీ కుదిరింది. కానీ ఇంట్లో గోర్ బోలి, అంటే బంజారా భాష, మాట్లాడే సుగాలి తండా పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీ పనులకు ఉత్తరాది నుంచి వచ్చిన కూలీల పిల్లలదీ అదే పరిస్థితి. శాన్‌ఫ్రాన్సిస్కో బడి వాళ్లు చెప్పిన సమాధానమే మనమూ చెబుతున్నాం: అందరికీ అదే పుస్తకం ఇచ్చాం కదా!

ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు మొదలుపెట్టారు. వాటిలో బంజారా కూడా ఉంది. అంటే దారి తెలియక కాదు. కేరళలో ఎర్నాకుళం జిల్లా వాళ్లు 2017లో రోష్ని అని ఒక కార్యక్రమం తెచ్చారు. వలస కూలీల పిల్లలకు ఉదయం బడి గంట కొట్టకముందే గంటన్నర సేపు, పిల్లల భాషా మలయాళమూ రెండూ తెలిసిన వాలంటీర్లు పాఠం చెప్పేవారు. పిల్లవాడు హిందీలోనో ఒడియాలోనో అడిగితే కసురుకోకుండా, అందులోనే జవాబిచ్చి మెల్లగా మలయాళంలోకి తెచ్చేవారు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మన తండాల్లో ఇంటర్ పాసై ఇంటి దగ్గరే ఉన్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఒకటి, రెండు తరగతుల్లో రోజుకు రెండు గంటలు అలాంటి అమ్మాయిని కూర్చోబెట్టి గౌరవవేతనం ఇస్తే చాలు. మూడో తరగతికి ఆ పిల్లలు తెలుగులోకి వస్తారు, తెలుగు మీదుగా ఇంగ్లిష్‌లోకి పోతారు. పిల్లకు అర్థమయ్యే మాటతో మొదలుపెడితే ఏ మీడియమైనా నాకు అభ్యంతరం లేదు.

దీనికి తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. జూన్‌లో బడిలో చేర్చేటప్పుడు పిల్లల వివరాల్లో మాతృభాష ఏమిటని అడుగుతారు. చాలామంది ఇంట్లో గోర్ బోలీ కన్నడమూ మాట్లాడుతూనే అక్కడ తెలుగు అని రాయించేస్తారు. కొన్నిసార్లు ఎవరినీ అడక్కుండా బడివాళ్లే నింపేస్తారు. ఈసారి దగ్గరుండి ఇంటి భాష ఏదైతే అదే రాయించండి. ఏ బడిలో ఏ భాష పిల్లలు ఎంతమంది ఉన్నారో కాగితం మీద లేకపోతే, ఆ వాలంటీర్‌ను ఇమ్మని మండల విద్యాధికారిని అడగడానికి ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఆధారమే ఉండదు.

సెలవు.