చీకటి ఏ స్తంభం దగ్గర మొదలైంది?

నమస్కారం అండీ. మన చిన్న పట్నాల్లో, అది భీమవరం కానివ్వండి, సూర్యాపేట కానివ్వండి, వీధి దీపాల మీద ఫిర్యాదు దాదాపు ఒకే మాటలో ఉంటుంది: "మా వీధిలో లైట్లు వెలగట్లేదు." ఆ ముక్కతో నిచ్చెన వేసుకుని వచ్చే మనిషికి ఏం అర్థమవుతుంది చెప్పండి? పగలు వస్తాడు, అన్ని లైట్లూ ఆరిపోయే ఉంటాయి. ఏది పాడైందో తెలియదు. ఒక లైటు మార్చి వెళ్లిపోతాడు. రాత్రికి మళ్లీ చీకటే.

అందుకే ఈ వీడియోలో చెప్పేది ఒక్కటే పని. వారానికి ఒక రాత్రి, ఏడున్నర, ఎనిమిది మధ్య, ఇద్దరు ముగ్గురు కలిసి మీ నాలుగు వీధులూ ఒక చుట్టు తిరగండి. ఒక నోట్‌బుక్కు, ఒక టార్చి చాలు. లోపం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఆ రెండూ రాసుకోండి. ఊరిని బాగు చేసేది మున్సిపాలిటీయే, అది దాని బాధ్యత. కానీ ఈ రెండు ముక్కలు అక్కడ కాపురం ఉండేవాళ్లు చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు.

దీపాల సంగతే చూద్దాం. స్తంభం మీద తీగలు లెక్కపెట్టండి. మామూలుగా మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), వీధి దీపాలకి విడిగా ఇంకో తీగ ఉంటాయి. ఆ విడి తీగ వీధి మొదట్లో ఉన్న ప్యానెల్ పెట్టె నుంచి వస్తుంది. ఇప్పుడు మధ్యలో ఒక్క లైటే ఆరిందనుకోండి, లోపం ఆ లైటులోనే ఉంటుంది. ఎల్‌ఈడీ లైట్లలో ముందు పోయేది బల్బు కాదు, లోపలి డ్రైవరు, అంటే లైటుకి సరిపడేలా కరెంటుని మార్చి ఇచ్చే భాగం. పిడుగులు పడ్డప్పుడో, ఓల్టేజీ ఎగిరినప్పుడో అది కాలిపోతుంది. లైటు వెలిగి, కాసేపటికి ఆరి, మళ్లీ వెలుగుతుంటే డ్రైవరు వేడెక్కుతోందని, లేదా కనెక్షన్ వదులైందని అనుమానించాలి.

వరుసగా ఆరు స్తంభాలు వెలిగి, ఏడో దాని నుంచి చివరిదాకా చీకటి ఉందా? అప్పుడు ఆరు, ఏడు స్తంభాల మధ్యనే ఆ తీగ తెగి ఉంటుంది, లేదా స్తంభం దగ్గర రెండు తీగల్ని కలిపే జంపరు ముక్క ఊడి ఉంటుంది. ఇక్కడ పదిహేను లైట్లు మార్చినా ఉపయోగం లేదు. వీధి మొత్తం ఒకేసారి ఆరిందంటే ప్యానెల్లోని ఎంసీబీ (లోపం వస్తే తనంతట తానే ఆగే స్విచ్చు) పడిపోయిందో, కాంటాక్టరు (లైట్లన్నిటికీ ఒకేసారి కరెంటు కలిపే స్విచ్చు) పోయిందో, టైమరు గడియారం తప్పిందో చూడాలి.

కాబట్టి ఫిర్యాదు ఇలా రాయండి: "ఫలానా వీధి, రామాలయం దగ్గర స్తంభం నంబరు ఇది, ఇక్కడి నుంచి పడమర వైపు చివరిదాకా తొమ్మిది లైట్లు వెలగట్లేదు, నాలుగు రోజులుగా." స్తంభం మీద నంబరు చెరిగిపోతే ఎదురింటి డోర్ నంబరు రాయండి. రాత్రి తీసిన ఫోటో ఒకటి, పగలు స్తంభం కనిపించేలా ఇంకొకటి పెట్టండి.

పట్టపగలు వెలిగే లైట్లని మాత్రం చాలామంది పట్టించుకోరు. 70 వాట్ల లైట్లు ఇరవై, పగలు 12 గంటలు వెలిగితే రోజుకి దాదాపు 17 యూనిట్లు. నెలకి 500 యూనిట్లు దాటుతాయి. ఆ బిల్లు కట్టేది మన పన్నుల నుంచే. టైమరు తప్పి ఉండొచ్చు, లేదా ఎవరో తొందరలో దీపాల తీగని నేరుగా ఫేజుకి కలిపి వదిలేసి ఉండొచ్చు. ఇదీ ఫిర్యాదు చేయాల్సిందే.

ఒక హెచ్చరిక. స్తంభం మీద, ప్యానెల్ పెట్టె మీద మీరు చెయ్యి వేయకండి. పెట్టె తలుపు ఊడి పిల్లలకి అందే ఎత్తులో ఉంటే మిగతా పనులన్నీ ఆపి వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. స్తంభాన్ని లాగి పట్టే స్టే వైరు ఉంటుంది కదా, దానికి బట్టల దండెం కట్టడం, గేదెని కట్టేయడం, ఫ్లెక్సీ తాళ్లు బిగించడం ఇంకా చూస్తూనే ఉన్నాం. ఆ వైరు మధ్యలో గుడ్డులాంటి పింగాణీ దిమ్మ ఉండేది కరెంటు కిందికి దిగకుండా. అది పగిలినా, లేకపోయినా, వానలో ఆ తీగని తాకితే ప్రాణం పోతుంది. వినాయక చవితి పందిళ్లు వేసేటప్పుడు కమిటీ కుర్రాళ్లకి ఇది ముందే చెప్పండి.

ఇంకొకటి. ఒక ఇంట్లో లైట్లు కళ్లు చెదిరేలా మండుతూ, పక్కింట్లో మినుకుమినుకుమంటున్నాయంటే అది లో ఓల్టేజీ కాదు, న్యూట్రల్ తెగింది. మెయిన్ ఆపేయండి, చుట్టుపక్కల ఇళ్లకీ చెప్పండి, తర్వాత ఫోన్ చేయండి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఫ్రిజ్, టీవీ కాలిపోతాయి.

మంచినీళ్లకీ ఇదే లెక్క. నీళ్లు రంగు మారి వాసన వస్తుంటే వరుసగా ఎన్ని ఇళ్లకి అలా వస్తోందో అడగండి. ఒక్క ఇంటికే అయితే ఆ ఇంటి కనెక్షన్ పైపు మురుగు కాలువలోంచి వెళ్తూ ఎక్కడో చిల్లు పడి ఉంటుంది. పది ఇళ్లకీ వస్తుంటే మెయిన్ లైను. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. వదలనప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు, అప్పుడు ఆ చిల్లులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మొదటి పది నిమిషాలు మురికిగా వచ్చి తర్వాత తేరుకుంటే, లీకు ఉందనడానికి అది గట్టి గుర్తు. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వార్డు సిబ్బందిని క్లోరిన్ పరీక్ష కిట్టుతో రమ్మని అడగండి. మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరగాలి. తిరగకపోతే ఆ రోజు నుంచి కాచి తాగండి, ఫిర్యాదులో ఆ ముక్క రాయండి.

కాలువల దగ్గర జరిగే పెద్ద పొరపాటు, తీసిన పూడికని గట్టునే వదిలేయడం. ఒక వాన పడితే మళ్లీ లోపలికే. కాస్త ఆరగానే ఎత్తించమని గట్టిగా అడగండి. మన వైపు తప్పు కూడా ఉంది. ఇంటి ముందు ర్యాంపు కట్టి కాలువని కాంక్రీటుతో మూసేస్తాం, లోపల శుభ్రం చేసే దారి ఉండదు. పలుగుతో లేపగలిగే బిళ్లలు వేసుకోండి.

మ్యాన్‌హోల్ మూతలు మాటిమాటికీ పగులుతుంటే మూత మీద గుర్తు చూడండి. ఎల్‌డీ 2.5 అంటే తేలిక రకం, మనుషులు నడిచే చోటికి. ట్రాక్టర్లు, లారీలు తిరిగే రోడ్డుకి హెచ్‌డీ 20 కావాలి. తేలిక రకం వేస్తే మళ్లీ పగిలేదే. వాననీళ్లు నిలిచాయని మీరు మూత తెరవకండి, నీళ్ల కింద గుంత ఎవరికీ కనిపించదు. రక్షణ పరికరాలు లేకుండా శుభ్రం చేయడానికి లోపలికి మనిషిని దించడం పాకీపని నిషేధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం నేరం. ఎంత తక్కువకి చేస్తానన్నా ఒప్పుకోకండి.

ఇక సీసీ కెమెరాలు. కాలనీ అంతా చందాలు వేసుకుని పెడతారు, దొంగతనం జరిగాక చూస్తే రికార్డింగు ఉండదు. ఎందుకో లెక్క కట్టండి. రెండు మెగాపిక్సెల్ కెమెరా రెండు ఎంబీపీఎస్ (సెకనుకి రెండు మెగాబిట్లు) వేగంతో రికార్డు చేస్తే రోజుకి దాదాపు 22 జీబీ. నాలుగు కెమెరాలకి 30 రోజులంటే 2.6 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ). షాపువాడిచ్చే ఒక టీబీ డిస్కు పదకొండు రోజుల్లో నిండి పాతవి చెరిపేస్తుంది. ఊరికి వెళ్లి రెండు వారాలకి తిరిగొచ్చిన ఇంటివాళ్లకి ఇంకేం దొరుకుతుంది? మూడు లేదా నాలుగు టీబీ డిస్కు తీసుకోండి.

కెమెరా తొమ్మిది, పది అడుగుల ఎత్తు చాలు. ఇరవై అడుగుల మీద పెడితే నెత్తి తప్ప ముఖం కనిపించదు. బండ్ల హెడ్‌లైట్లకి ఎదురుగా తిప్పకండి. ఎవరి గుమ్మంలోకీ, కిటికీలోకీ చూసేలా పెట్టకండి. నెలకోసారి సాలెగూడు తుడవండి, రాత్రి బొమ్మని తెల్లగా చేసేది ఎక్కువగా అదే. డీవీఆర్‌లో, అంటే రికార్డింగు దాచే పెట్టెలో, గడియారం సరిచూడండి. 40 నిమిషాలు తేడా ఉన్న ఫుటేజీతో ఎస్సైగారికి కూడా తిప్పలే. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, కొత్తది ఇద్దరికే తెలిసేలా ఉంచండి. కళ్లముందే ఏదైనా జరుగుతుంటే కెమెరా చూస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి.

ఆంధ్రాలో అయితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి దీపాలు, నీళ్లు, శానిటేషన్ సెక్రటరీకి కాలువలు, చెత్త. తెలంగాణలో మున్సిపల్ ఆఫీసులోనే ఇవ్వాలి. అక్కడ 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకీ యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో ఉన్నాయా అని కౌన్సిలర్‌ని అడగండి, లేకపోతే వేయమనండి.

పని కాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే గొడవకి దిగొద్దు. మొదటి ఫోటో తీసిన చోటే నిలబడి, అదే కోణంలో ఇంకో ఫోటో తీయండి. రెండూ ప్రింటు వేయించి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, ఆ అర్జీల కార్యక్రమం పేరు తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). రసీదు నంబరు ఆ నోట్‌బుక్కులోనే, స్తంభం నంబరు పక్కన రాసుకోండి.