ఆపుకోవాల్సినవి, ఆపుకోకూడనివి
(ఆర్టీసీ డిపో ఉద్యోగుల ఆరోగ్య సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠం)

డిపో మేనేజర్ గారికి, డ్రైవర్ అన్నలకు, కండక్టర్ అక్కలకు, అన్నలకు, గ్యారేజీలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మెకానిక్ సోదరులకు నమస్కారం. నైట్ హాల్ట్ చేసి, పొద్దున్నే బండి అప్పజెప్పి, నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు వెనక వరసలో ఉన్నారని డీఎం గారు చెప్పారు. వాళ్లకు నిద్ర వస్తే హాయిగా పడుకోవచ్చు, నేనేమీ అనుకోను. వాళ్ల నిద్రకు ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు చరకుడి అనుమతి కూడా ఉంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గోడకు కట్టిన ఫ్లెక్సీ మీద ఒక అమ్మాయి కాలు తీసి మెడ మీద పెట్టుకుని నవ్వుతోంది. అది చూసి సగం మంది 'ఇది మనవల్ల అయ్యేది కాదులే' అనుకునే ఉంటారు. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195. అందులో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే మూడు. స్థిరంగా, సుఖంగా ఉండేది ఆసనం అన్నాడాయన, అంతే. పదిహేనో శతాబ్దం నాటి యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు 15. మనం టీవీలో చూసే వరసలు చాలావరకు గత వందేళ్లలో తయారైనవే. సూర్య నమస్కారాలను అందరి వ్యాయామంగా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు, 1920ల్లో. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో 1930ల్లో కృష్ణమాచార్య నేర్పిన పద్ధతులు ఆయన శిష్యులు అయ్యంగార్, పట్టాభి జోయిస్‌ల ద్వారా దేశదేశాలకు వెళ్లాయి. మంచి వ్యాయామమే, చేయగలిగినవాళ్లు చేయండి. కానీ మన పాత వైద్య గ్రంథాలు ఆరోగ్యం అనగానే ముందు అడిగేది ఒళ్లు ఎంత వంగుతుందని కాదు. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, దేన్ని ఆపుకున్నావు అని అడుగుతాయి. ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఉద్యోగంలో సగం ఆపుకోవడమే.

చరకుడి గ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం అనే మొదటి భాగంలో, ఏడో అధ్యాయం మొదలయ్యేదే దీనితో. శరీరానికి 13 వేగాలు, అంటే వాటంతటవే తన్నుకొచ్చే అవసరాలు, ఉంటాయి, వాటిని అణచకూడదు అంటాడు. మూత్రం, మలం, అపానవాయువు, వాంతి, తుమ్ము, తేన్పు, ఆవులింత, ఆకలి, దాహం, కన్నీళ్లు, నిద్ర, శ్రమ వల్ల వచ్చే ఆయాసం, వీర్యం. మూత్రం ఆపుకుంటే పొత్తికడుపులో నొప్పి, మూత్రం పోయడంలో బాధ, తలనొప్పి వస్తాయని కూడా రాశాడు.

ఇప్పుడు కండక్టర్ అక్కల సంగతి చూద్దాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మొదటి ట్రిప్పు ఎక్కేముందు నీళ్లు తాగరు. దాహం లేక కాదు. తాగితే వెళ్లాల్సి వస్తుంది, దారిలో వెళ్లడానికి చోటుండదు. ఉన్నచోట తలుపుండదు, తలుపున్నచోట గడియ ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు లేదు, జీరో టికెట్లు కొట్టేసరికి స్టేజీ దాటిపోతుంది. మధ్యలో దిగి వస్తానంటే ప్రయాణికులు ఊరుకోరు. అలా నాలుగైదు గంటలు. నీళ్లు తాగకపోవడం, ఆపుకోవడం రెండూ కలిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి, రాళ్లు పెరుగుతాయి. ఇది మన డాక్టర్లు రోజూ చెప్పేదే. చరకుడి లెక్కలో చూస్తే రోజూ పొద్దున్నే మూడు వేగాలు ఒకేసారి అణచి డ్యూటీ ఎక్కుతున్నారు: దాహం, మూత్రం, నిద్ర. ఆకలి నాలుగోది.

అదే అధ్యాయంలో ఆపుకోవాల్సినవి కూడా ఉన్నాయి. లోభం, కోపం, ఈర్ష్య, పరుషమైన మాట, చాడీలు. ఇవి వచ్చినప్పుడు పట్టి ఉంచమన్నాడు. మనం దాన్ని తలకిందులు చేశాం. మూత్రం నాలుగు గంటలు ఆపుకుంటాం, అయిదు వందల నోటు ఇచ్చి చిల్లర అడిగినవాడి మీద కోపం నాలుగు సెకన్లు ఆపుకోలేం. (నవ్వకండి, ప్రయాణికుల్లోనూ ఈ జబ్బు ఉంది.)

ఇక్కడ డీఎం గారికి, పై అధికారులకు ఒక మాట చెప్పాలి. ఈ మధ్య ప్రతి ఆఫీసులో ధ్యాన మందిరం కడుతున్నారు. సంతోషమే. కానీ ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పది నిమిషాలు చార్టులో రాసి ఇవ్వకుండా, బస్టాండ్‌లో సిబ్బందికి గడియ పడే టాయిలెట్ లేకుండా, 'టెన్షన్ తగ్గించుకోండి, గట్టిగా ఊపిరి పీల్చండి' అని చెప్పడం న్యాయం కాదు. యోగా పేరుతో బాధ్యత అంతా ఉద్యోగి నెత్తిన పెట్టేస్తే, అది యోగాకూ మంచిది కాదు.

ఇక నిద్ర. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం, ఈ మూడూ శరీరాన్ని నిలబెట్టే ఊతలని చరకుడు అంటాడు. పగటి నిద్ర మంచిది కాదని ఆయుర్వేదం చెప్పడం మీరూ వినే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లు 'పట్టపగలు ఆ పడక ఏంట్రా' అని తిడతారు కూడా. అయితే ఆ నియమానికి చరకుడు మినహాయింపుల జాబితా ఇచ్చాడు. వేసవిలో ఎవరైనా పడుకోవచ్చు. పిల్లలు, వృద్ధులు, బరువులు మోసినవాళ్లు, దూరాలు నడిచినవాళ్లు ఎప్పుడైనా పడుకోవచ్చు. ఆ జాబితాలోనే ఇంకొకరు ఉన్నారు: వాహన ప్రయాణంతోనూ రాత్రి మేలుకోవడంతోనూ అలసినవాళ్లు. రెండు వేల ఏళ్ల కిందటి పుస్తకంలో ఆర్టీసీ డ్రైవర్‌కు రాసిపెట్టినట్టే ఉంది! తర్వాతి కాలపు ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు తన అష్టాంగ హృదయంలో ఇంకో అడుగు ముందుకు వేసి కొలత కూడా చెప్పాడు. అలవాటు లేకుండా రాత్రి ఎంతసేపు మేలుకున్నామో, మర్నాడు పొద్దున అందులో సగం సేపు నిద్రపోవాలి, అదీ ఏమీ తినకముందు.

దీన్ని మీ పనికి అన్వయించుకుంటే ఇలా ఉంటుంది. నైట్ డ్యూటీ దిగాక నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, ఒక పెద్ద గ్లాసు టీ పట్టించి పడుకుంటే నిద్ర సరిగ్గా పట్టదు, లేచేసరికి కడుపు మంట. మజ్జిగో, ఒక అరటిపండో తీసుకుని ముందు పడుకోండి, లేచాక తినండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం ఇది డాక్టర్‌ని అడిగి చేయాలి, ఖాళీ కడుపుతో షుగర్ పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు ఆ మూడు నాలుగు గంటలు టీవీ సౌండ్ తగ్గించాలి, కరెంటు బిల్లు కట్టే పని సాయంత్రానికి వాయిదా వేయాలి. డ్రైవర్ నిద్ర అతని ఒక్కడి సొంత విషయం కాదు. వెనక సీట్లలో యాభై మంది ఉంటారు.

తిండి గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే దీని మీద ఉపన్యాసాలు మీరు యూట్యూబ్‌లో చాలా విన్నారు. పొట్టలో నాలుగో వంతు ఖాళీ ఉంచమని హఠయోగ ప్రదీపిక చెప్పింది. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ దాదాపు ఆ దారిలోనే ఉన్నాయి: రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ లాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మనకు కంచం నిండా అన్నం, పక్కన చెంచాడు కూర. దాన్ని తిరగెయ్యాలి. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. జొన్నరొట్టె తింటే చాలు అనేవాళ్లతో నాకు చిన్న పేచీ ఉంది. మన తాతలు జొన్నరొట్టె తిని పొద్దంతా నాగలి వెంట నడిచారు. మనం జొన్నరొట్టె తిని ఎనిమిది గంటలు సీట్లో కూర్చుంటాం. రొట్టె మంచిదే, నడక కూడా కావాలి. ఇంకోటి, టీ. డ్యూటీలో ఆరు టీలు తాగేవాళ్లు ఉన్నారు, టీకి రెండు చెంచాల చక్కెర. లెక్క మీరే వేసుకోండి.

వ్యాయామం దగ్గరికి వస్తే వాగ్భటుడు నాకు చాలా ఇష్టమైన మాట ఒకటి చెప్పాడు. బలమున్నవాడు కూడా సగం శక్తితోనే వ్యాయామం చేయాలి, అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. సగం అయిందని ఎలా తెలుస్తుంది? మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు గుర్తు చెప్పాడు: నోటితో ఊపిరి తీయాల్సి వచ్చిందంటే అక్కడ ఆగాలి. మే నెల ఎండలో, జూన్ 21 యోగా దినోత్సవం పోటీ కోసం, నలభై ఏళ్లు దాటాక మొదటిసారి 108 సూర్య నమస్కారాలు చేస్తానని పందెం కట్టేవాళ్లకు ఈ శ్లోకం ఫోన్‌లో పంపించండి.

మీ నడుముకు కావాల్సింది అంత పెద్ద పని కాదు. సీట్లో ముందుకు వంగి కూర్చోవడం, బండి కుదుపు, ఎడమ కాలు క్లచ్ మీద. వీటికి విరుగుడు వెనక్కి సాగదీయడం. బండి ఆగాక దిగి, రెండు చేతులూ నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వాలండి. ఫుట్‌బోర్డు కడ్డీ పట్టుకుని మడమలు లేపి దించండి. ఇంటి దగ్గర బోర్లా పడుకుని, ఛాతీ పైకెత్తే భుజంగాసనం. కాలిలోకి నొప్పి లాగుతున్నవాళ్లు ముందుకు వంగి పాదాలు పట్టుకునే ఆసనాల జోలికి పోవద్దు. ముందు డాక్టర్‌కు చూపించండి. బీపీ ఉన్నవాళ్లు శీర్షాసనం వేయొద్దు, ఊపిరి బిగబట్టొద్దు, వేగంగా ఊపిరి పీల్చి వదిలే భస్త్రిక చేయొద్దు. గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లకు తలకిందుల ఆసనాలు పనికిరావు.

ఊపిరి సంగతి. మనం మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుకు తగ్గిస్తే బీపీని సర్దుబాటు చేసే శరీర యంత్రాంగం చురుగ్గా పనిచేస్తుంది. 2001లో ఇటలీ వైద్యులు దీన్ని పరీక్షించారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివించినా, టిబెటన్ల 'ఓం మణి పద్మే హుం' చెప్పించినా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికే వచ్చింది. మీరు రామ అనుకున్నా, అల్లా అనుకున్నా, ఏసు అనుకున్నా, ఏమీ అనుకోకుండా అంకెలు లెక్కపెట్టినా ఫలితం ఊపిరి వేగాన్ని బట్టే ఉంటుంది. స్టీరింగ్ ముందు మాత్రం వద్దు. బండి ఆపి, దిగాక.

వెల్లకిలా కదలకుండా పడుకునే శవాసనం మీద 1969లోనే ముంబై కేఈఎం ఆస్పత్రి గుండె వైద్యుడు దాతే, ఆయన బృందం 47 మంది బీపీ రోగులతో ఒక అధ్యయనం అచ్చు వేశారు. చాలామందికి బీపీ తగ్గింది, కొందరికి మందు మోతాదు తగ్గించగలిగారు. చిన్న అధ్యయనం, దాన్ని చూపించి గొప్పలు పోనక్కర్లేదు. అందులో ఒక సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి: మోతాదు తగ్గించింది డాక్టర్లు. రోగులు వాళ్లంతట వాళ్లు మానేయలేదు. బీపీ మాత్ర ఆపేసి కషాయం మొదలుపెట్టి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కామెర్లకు పసరు పోయించుకుని ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లినవాళ్లూ ఉంటారు. లేబుల్ లేని భస్మం ఎవరిచ్చినా తీసుకోవద్దు. పాదరసం, సీసం ఉండొచ్చు, మూత్రపిండాలు పోతాయి. మన సంప్రదాయం మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ మాట ముందు చెప్పాలి.

డీఎం గారూ, మూడు పనులు మిమ్మల్ని అడిగి ముగిస్తాను. నైట్ హాల్ట్ ఊళ్లలో సిబ్బంది పడుకునే గదికి ఫ్యాను, దోమల జాలీ. పొద్దున మొదటి ట్రిప్పు తర్వాత చార్టులో పది నిమిషాలు. మహిళా కండక్టర్లకు ఏ స్టేజీలో టాయిలెట్ బాగుందో, ఏది బాగాలేదో వాళ్లనే అడిగి, ఆ జాబితా నోటీసు బోర్డులో పెట్టించండి.

ఏడు గంటల బండి ఉన్నవాళ్లు బయలుదేరండి, ఆలస్యమైతే నా పేరు చెప్తారు. మిగతావాళ్లు లేచి నిలబడండి. బూట్లు విప్పక్కర్లేదు. చేతులు నడుము మీద పెట్టండి... మెల్లగా వెనక్కి... ఊపిరి బిగబట్టకండి... వెనక వరసలో వాళ్లను లేపకండి.